నవ్వుతూ గోడకెక్కిన పెద్దమ్మ

కెమెరా కొన్న కొత్తలో నాకు ముసలి మొహాల పిచ్చి ఉండేది. ఏ ఊరు వెళ్ళినా ముడతలు పడ్డ మనిషి కనిపిస్తే చాలు, నలుపు తెలుపుల్లో తీసి, కింద ‘జీవితం’ అని రాసి నెట్‌లో పెట్టేవాణ్ణి. ఆ జీవితం ఎవరిదో అడిగిన పాపాన పోలేదు.

ఆ పిచ్చితోనే గుంటూరు నుంచి బొంబాయి వెళ్ళి, కామాఠిపురాలో తెలుగువాళ్ళుండే ఒక చాల్, అంటే ఒంటిగది ఇళ్ళ పాత మేడ, మెట్లెక్కాను. రెండో అంతస్తు వరండాలో ఒక పెద్దావిడ గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కనుంచి ఎండ, మొహం నిండా గీతలు. స్తంభం చాటునుంచి నాలుగు ఫోటోలు తీశాను.

“చాటుకెందుకు? దొంగవా, పోలీసువా?” అంది తలెత్తకుండా.

“మీరు తెలుగువాళ్ళా అండీ?”

“కాదు, జపానోళ్ళం. మా తాత పాలమూరు కెల్లి వచ్చి ఈ బొంబాయికి రాళ్ళు మోసిండు. ఏం తీసినవ్, ఇటు సూపియ్యి.”

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. నా కళ చూసి ఆవిడకి మాట పడిపోయిందనుకున్నాను.

“రంగు ఏడవోయింది? బొగ్గుల బోర్లపడ్డట్టున్న. తీసెయ్.”

తీసేశాను. అప్పుడు లోపలికి పిలిచింది. ఇల్లంతా కలిపి ఒకటే గది. గోడ మీద దండ వేసిన భర్త ఫోటో. ఆయన ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది, భుజం మీద ఎవరిదో చెయ్యి.

“పోయిననాడు దొరికింది గిదొక్కటే. ఎవల్దో పెండ్లిల లడ్డు తింటుంటే తీసిండ్రు. పన్నెండేండ్ల సంది నములుతనే ఉన్నడు.”

నాకు నవ్వాగలేదు. తప్పు చేశానని నాలుక కరుచుకునేలోగా ఆవిడే నాకంటే గట్టిగా నవ్వింది.

“నాకట్ల కావద్దు. బతికుండంగనే మంచిది తీయించుకోవాలె. మా మనుమరాలు ఫోన్ల తీస్తది గని కుక్క చెవులు పెడ్తది. సచ్చినంక కుక్క చెవులతోని గోడకెక్కాల్నా?”

పట్టుచీర కట్టుకొచ్చి వరండాలో స్టూలు మీద కూర్చుంది. కెమెరా ఎత్తగానే స్టేషన్‌లో నిలబెట్టిన నేరస్తురాలిలా బిగుసుకుపోయింది. నవ్వమన్నాను.

“ఉత్తగనే నవ్వొస్తదా? ఏమన్న చెప్పు.”

నాకు తెలిసిన జోకులన్నీ చెప్పాను. ఆవిడ జాలిగా చూసింది. ఫ్రేములో మొత్తం పట్టాలని వెనక్కి నడిచాను. పక్కింటివాళ్ళు బట్టలు నానబెట్టిన బకెట్‌లో కాలు పడింది. సబ్బునీళ్ళతో సహా వెల్లకిలా పడ్డాను. ఉన్న మూడు పళ్ళూ కనిపించేలా ఆవిడ విరగబడి నవ్వింది. కెమెరా నా చేతిలోనే ఉంది. నేల మీదనుంచే నొక్కేశాను.

పక్కనే ఉన్న నాగ్‌పాడాలో ఫ్రేము కట్టించి మర్నాడు పొద్దున తీసుకెళ్ళాను. చూసీ చూడగానే స్టూలెక్కి భర్త పక్కన తగిలించింది. ఆసుపత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన కోడలు గడపలోనే ఆగిపోయింది.

“పాగల్ అయినవా అత్తా? బతికున్నోళ్ళ ఫోటో మామ పక్కన పెడ్తరా? అపశకున్!”

“చుప్ బస్. నేను పోయినంక నువ్వు ఏది దొరికితే అది పెడ్తవ్, నాకెరికలేదా?”

కోడలు ఛాయ్ పెడుతూ గిన్నెల మీద కోపం చూపించింది. అంతలో కింది అంతస్తు ఆవిడ ఏదో పనిమీద తొంగిచూసింది. గోడ మీద ఫోటో చూసి గుండె పట్టుకుంది.

“అయ్యో అక్కా! నిన్ననే మాట్లాడితివి కదనే! గింత జల్దీ పోతివా!”

“యాడికి పోలే. ఛాయ్ తాగుతున్న, రా,” అంది పెద్దావిడ, తలుపు వెనకనుంచి.

కింది అంతస్తు ఆవిడ తన అక్కని తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. తిట్టడం అయ్యాక కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఛాయ్ తాగుతున్నంతసేపూ ఫోటోనే చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

“రైలెప్పుడు బిడ్డా నీకు?”

“సాయంత్రం అమ్మా.”

“రేపు పోరాదు?”

ఆవిడతో మొదలుపెట్టి, చాల్‌లో ముసలివాళ్ళందరినీ తీస్తూ మూడు రోజులు ఉండిపోయాను. బొంబాయిలో ఇంకేం చూశావని ఇంట్లోవాళ్ళు అడిగితే ఆ ఫోటోలే చూపించాను, అన్నీ రంగుల్లో.