చెవిలో దూది

మొన్న మంగళవారం మీరిద్దరూ కలిసి బెంగుళూరు నుంచి మీ అమ్మకి పంపిన కొరియర్‌ని ఆవిడ స్కూల్లో ఉండగా నేనే విప్పాను. తప్పే. కానీ పెట్టె మీద లోపలేముందో రాయకుండా ఎవరేం పంపినా ముందు అనుమానించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. లోపల అగ్గిపెట్టెంత డబ్బా, దాంట్లో బఠాణీ గింజలంతటి రెండు మెత్తటి బిరడాలు. వాసన చూశాను. వేలితో నొక్కి చూశాను. మింగే మందేమోనని కళ్ళజోడు తెచ్చుకుని చూస్తే డబ్బా మీద చెవి బొమ్మ ఉంది. గడప మీద కూర్చోకూడదని మీకు వందసార్లు చెప్పినదాన్ని, ఆ డబ్బా చేత్తో పట్టుకుని వంటింటి గడప మీదే కూర్చుండిపోయాను. ఎందుకంటే, పిల్లలూ, ఈ వస్తువుని నేను నలభై ఏళ్ళ కిందటే కనిపెట్టాను. కనిపెట్టి, దాచేశాను.

ఇదంతా ఫోన్లో చెప్పేది కాదు. ఫోన్లో నా గొంతు మీకు ఆనదు, గట్టిగా మాట్లాడు అమ్మమ్మా అంటారు, ఇవి గట్టిగా మాట్లాడే మాటలు కావు. మీ అమ్మని అడిగే రాస్తున్నాను. “అన్నీ రాసీమ్మా. నువ్వు సేసింది కూడా రాసీ” అంది.

మీ అమ్మ పుట్టినప్పుడు మేం మాకవరపాలెం దగ్గర ఊళ్ళో ఉండేవాళ్ళం. మీ తాతయ్యది చెరకు సాగు. నేను జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పనికి వెళ్ళేదాన్ని. అక్కడ రెండు వరసల్లో ఆడవాళ్ళం కూర్చుని, కాలితో తొక్కే కత్తుల కింద పిక్క పెట్టి పగలగొట్టేవాళ్ళం. జీడి అంటి అరచేతులు నల్లబడేవి, బూడిద రాసుకుని మళ్ళీ కూర్చునేవాళ్ళం. అన్ని కత్తులూ ఒక్కసారి పడితే రేకుల కప్పు కింద ఆ టకటకకి మాలాంటివాళ్ళకే తల దిమ్మెక్కేది. అయిదేళ్ళ మీ అమ్మ ఆ చప్పుడుకి రెండు చెవులూ మూసుకుని, గోడకి తల బాదుకుంటూ ఏడ్చేది. మేస్త్రీ రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు, ఇంక పిల్లని తేవద్దు అన్నాడు. పిల్లని వదలడానికి ఇంట్లో ఎవరున్నారు? ఆ సాయంత్రం పాత తలగడ విప్పి, పిడికెడు దూది తీసి, కొబ్బరినూనెలో తడిపి ఉండలు చేసి, దాని చెవుల్లో కూరాను. పైన కనపడకుండా చెవుల మీదుగా జుట్టు దువ్వి రిబ్బన్లు కట్టాను. మర్నాడు పిల్ల షెడ్డులో ఎంత బుద్ధిగా కూర్చుందంటే, పప్పు ఏరే తట్ట దగ్గరికి వెళ్ళి, నిండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, ముక్కలు ఒక పక్కకి వేరు చేస్తూ పొద్దు కుంకేదాకా లేవలేదు. ఒక్క బద్ద పొరపాటున నిండు పప్పులో పడలేదు. పెద్దవాళ్ళే ఆశ్చర్యపోయి చూశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మేస్త్రీ భార్య కళ్ళు సూదులు.

“ఏటే, పిల్ల సెవిలో దూదేటి?”

చప్పుడు పడదు అని చెప్పొచ్చు. కానీ చప్పుడు పడని పిల్ల అంటే పిచ్చిపిల్ల అని మరుసటి రోజుకి ఊరంతా చేరుతుంది. నా నోటికి ఏది అందితే అది అన్నాను.

“సెవి కారతందండి.”

ఆ ఒక్క మాట రెండేళ్ళు మీ అమ్మని పట్టుకుంది. షెడ్డులో ప్రతివాళ్ళూ వెల్లుల్లి నూనె వెయ్యమని, వామాకు పసరు పిండమని చెప్పేవాళ్ళు. చివరికి మేస్త్రీ భార్యే స్వయంగా నర్సీపట్నం తీసుకెళ్ళి, అప్పట్లో అందరికీ సూదులేసే ఒక డాక్టరుకి చూపించింది. ఆయన చెవిలోకి సరిగ్గా చూశాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే, చుక్కలు రాసిచ్చాడు. వెయ్యకపోతే అబద్ధం బయటపడుతుంది. అందుకని రోజూ పిల్ల తల ఒళ్ళో అదిమిపట్టి, ఏ చీమూ లేని ఆ చెవుల్లో చల్లటి చుక్కలు వేశాను. మీ అమ్మ గిలగిల్లాడేది. నేను వదిలేదాన్ని కాదు.

నా ఈడువాళ్ళు ఇది చదివితే నన్ను తిట్టరు, నాకు తెలుసు. మా రోజుల్లో ఆడపిల్ల గురించి కొత్త మనిషి ఏ ప్రశ్న వేసినా అది పెళ్ళి ఎంక్వైరీయే. బస్సులో పక్కన కూర్చున్నావిడ అడిగినా, గాజులమ్మే ఆవిడ అడిగినా, ఎవరి తాలూకో, ఎవరికి మోస్తుందో ఎవరికి తెలుసు? అందుకని జవాబులు నోట్లో సిద్ధంగా ఉండేవి. పిల్ల బంగారం. వంచిన తల ఎత్తదు. నలుగురిలో ఇట్టే కలిసిపోతుంది. పక్కింటి పిల్ల గురించి అడిగితే మనం అలా చెప్పాలి, మన పిల్ల గురించి అడిగితే పక్కింటివాళ్ళు అలా చెబుతారు. అది అబద్ధం కిందకి లెక్క కాదు, ఇరుగుపొరుగు ధర్మం. అలాగే మీ అమ్మ పెళ్ళయింది, మేం నర్సీపట్నం వచ్చేశాం, మీరు పుట్టారు. మీ నాన్న ఉద్యోగం పాడేరులో, ఆదివారానికి వస్తాడు, పెద్దగా మాట్లాడడు, ఆ విధంగా ఇద్దరికీ కుదిరింది.

మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళాక, మీ అమ్మకి నలభై నాలుగో ఏడు వచ్చి నెలసరి గాడి తప్పాక, అంతవరకూ పళ్ళ బిగువున పట్టుకొచ్చినదేదో దాని చేతిలోంచి జారిపోయింది. కుక్కరు కూత వేస్తే పెరట్లోకి పరిగెత్తేది. స్నానం చేసి చీర కట్టుకోవడానికి గంట పట్టేది. స్కూలు ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా వెనక గదిలో రిజిస్టర్లు రాసుకునేదాన్ని తీసుకొచ్చి కొత్త మేనేజ్‌మెంటు ముందు కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఒక పక్క ఫోను, ఒక పక్క తల్లిదండ్రులు, వెనక మైకు. ఒకరోజు బల్ల కింద కూర్చుని, ఎంత పిలిచినా రాలేదట. పొగరన్నారు కొందరు. గాలి సోకిందన్నారు కొందరు. ఆ వయసులో ఆడవాళ్ళకి మామూలే అని ఐరన్ బిళ్ళలిచ్చారు ఇంకెవరో. కిటికీ దగ్గర కూర్చుంటే కూర్చో, లేకపోతే నెలాఖరుకి మానెయ్ అని మేనేజ్‌మెంటు చెప్పేసింది.

ఆ రోజుల్లోనే ఎవరో పిల్లవాడి అడ్మిషన్ ఫైలులో ఆటిజం అని రాసిన ఒక రిపోర్టు మీ అమ్మ చేతికొచ్చింది. చప్పుళ్ళు పడవు, బట్టల కుట్లు గుచ్చుకుంటాయి, వస్తువులు వరసగా పేరుస్తాడు అని రాసి ఉన్నదంతా చదివి, ఇది నా గురించి కదా రాశారు అనుకుందట. తరవాత ఎవరిని అడిగిందో ఏమో, శనివారం శనివారం మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్ళడం మొదలుపెట్టింది. అడిగితే, “మాలాటోళ్ళం కొంతమంది కలుస్తామమ్మా” అనేది. మాలాటోళ్ళం అంటే ఎవరు? నేను ఎన్ని రకాలుగా అనుమానించానో చెప్తే నవ్వుతారు. ప్రార్థన కూటమేమో అనుకున్నాను. డబ్బాల్లో పొడులమ్మే చెయిను స్కీమేమో అనుకున్నాను. నిద్రమాత్రలు అలవాటు చేసి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారేమో అనుకున్నాను. మూడో శనివారం కూరలసంచీ పట్టుకుని ఆటోలో దాని వెనకే వెళ్ళాను.

ఆటో చర్చి దగ్గర ఆగింది. ఇంకేముంది, అనుకున్నదే! వెనక సండే స్కూల్ గది కిటికీలోంచి చూశాను. నలభై దాటిన ఆడవాళ్ళు అరడజను మంది. ప్రార్థనా లేదు, పాటా లేదు. ఒకావిడ గోడవైపు తిరిగి మాట్లాడుతోంది. ఒకావిడ ఊలు అల్లుతోంది. మీ అమ్మ నేలమీద చింతపిక్కలు వరసలు పేరుస్తోంది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నాకైతే అది ప్రార్థన కంటే భయంగా కనిపించింది. పాస్టరుగారి భార్య వెనకనుంచి వచ్చి మంచినీళ్ళిచ్చింది.

“లోపలికెల్లండమ్మా, ఎండలో ఏటి.”

“మీరేం సెప్తారు ఈళ్ళకి?”

“మేమేటీ సెప్పమండి. ఈ గదికి రోడ్డు సప్పుడు రాదని అడిగారు, తాళం ఇచ్చాం. ఆ మూలనున్నావిడ ఎస్. రాయవరం నుంచి రెండు బస్సులు మారొస్తాది, గంట కూకుని ఎల్లిపోతాది.”

నీళ్ళు తాగాను. నమ్మలేదు.

ఆ గదికి నెలకోసారి విశాఖపట్నం నుంచి ఒక సైకాలజిస్టు అమ్మాయి వస్తుంది. మీ అమ్మకి ఉన్నదేమిటో తేల్చి, కిటికీ దగ్గర కూర్చోబెట్టవద్దని స్కూలుకి కాగితం రాయాలంటే, చిన్నతనంలో ఎలా ఉండేదో చూసినవాళ్ళు చెప్పాలంది. చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. సరిగ్గా అప్పుడే, పెద్దదానా, నీకు యలమంచిలి సంబంధం మాటల్లో ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ అమ్మాయి పెన్ను తీసింది. పెన్ను తీసిందంటే నాకు ఎంక్వైరీయే.

“చిన్నప్పుడు చప్పుళ్ళకి భయపడేదా అమ్మా?”

“లేదండి.”

“తోటిపిల్లలతో ఆడుకునేదా?”

“ఊళ్ళో పిల్లలంతా మా ఇంట్లోనే ఉండేవోరండి.”

“బట్టలు వేసుకోడానికి పేచీ పెట్టేదా?”

“ఏది తొడిగితే అదేనండి. బంగారం.”

మీ అమ్మ పక్కనే కూర్చుని బల్ల అంచు చూస్తోంది. ఆ అమ్మాయి పెన్ను మూసి, చిన్నప్పుడు ఏమీ లేదంటే నేను కాగితం రాయలేనండి, ఇంకెవరైనా చూసినవాళ్ళుంటే తీసుకురండి అంది. పెళ్ళిసంబంధం నిలబెట్టినంత తృప్తిగా నేను ఇంటికొచ్చాను.

నాలుగు రోజులు మీ అమ్మ నోరు విప్పలేదు. అలిగిందనుకున్నాను. అయిదో రోజు దాని బల్ల మీద రాజీనామా కాగితం కనపడింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మా అమ్మాయికి ప్రపంచంలో బాగా చేతనయిన పని రిజిస్టరు రాయడం; ఆ చేత్తోనే ఆ పనిని వదులుకుంటున్నట్టు రాసి పెట్టింది. షెడ్డులో తట్ట ముందు కూర్చున్న ఆ అయిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. దాని చెవుల్లో చుక్కలు వేసిన నా చేతులు కూడా గుర్తొచ్చాయి.

“ఆ కాయితం అక్కడెట్టు. నెలాఖరు ఇంకా రాలేదు” అన్నాను. ఆ సైకాలజిస్టు అమ్మాయి నెలకోసారి గాని రాదని, ఫోను చేయించి, ఆ శనివారం ప్రత్యేకంగా రమ్మని బతిమాలాను. వచ్చింది.

ఈసారి తను అడగకముందే మొదలుపెట్టాను. దూది చెప్పాను. చుక్కలు చెప్పాను. మడమలు నేలకానించకుండా వేళ్ళ మీదే నడిచేదని, జాకెట్టు తిరగేసి తొడిగితేగాని ఒప్పుకునేది కాదని, పేరంటానికి తీసుకెళ్తే ఆ ఇంటి మంచం కింద దూరేదని, తను పెళ్ళికూతురుగా ఉన్న రోజున సన్నాయి మొదలవగానే పెరట్లో గడ్డిమేటు వెనక దాక్కుంటే, వాంతులవుతున్నాయని నేనే పెళ్ళివారికి చెప్పానని, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడ ఆపాలో తెలియకుండా చెప్పాను. చెబుతుంటే పక్కనుంచి మీ అమ్మ గొంతు వినిపించింది.

“నీకియన్నీ తెల్సా అమ్మా?”

“తెలీకేటే.”

“నువ్వసలు సూణ్ణేదనుకున్నాను. ఆ సుక్కలేసినప్పుడు నా సెవి నిజంగానే పాడైపోయిందనుకున్నాను. నేనే పాడుపిల్లననుకున్నాను.”

కన్నతల్లి కనిపెట్టుకుని ఉండటం అంటే నాకు తెలిసింది కప్పిపెట్టడమే. బిడ్డకి అది చూడకపోవడంలా కనిపిస్తుందని నాకెవరు చెప్పారు? ఆ అమ్మాయి రాసుకోవడం అయ్యాక నావైపు చూసి, “మరి మీకు చిన్నప్పుడెలా ఉండేదమ్మా?” అంది.

“నాకేమండి, బాగానే ఉండేది” అన్నాను. మీ అమ్మ ఫక్కున నవ్వింది. ఏడాదిలో అది నవ్వడం అదే మొదలు.

కాగితం వచ్చింది. మీ అమ్మని మళ్ళీ వెనక గదికి పంపారు, ముందు కిటికీ రోజుకి ఒక్క గంటే. అన్నీ చక్కబడ్డాయని అనను. కొన్ని రోజులు ఇప్పటికీ మంచం దిగదు. పెద్దదానా, యలమంచిలివాళ్ళు మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఆ గదిలోంచి మాట బయటికి పొక్కిందా, వాళ్ళకి వేరే పిల్ల నచ్చిందా, తెలియదు. నువ్వు పోతే పోనీ అన్నావు. నేను మాత్రం ఆ ఊలు అల్లే ఆవిడది ఏ ఊరో ఇంకా కనుక్కుంటూనే ఉన్నాను.

మీరు పంపినవి పెట్టుకుని నిన్న మీ అమ్మ కిటికీ దగ్గర కూర్చుందట. టీసీ కోసం వచ్చిన ఒకావిడ అడిగిందట, “ఏటి మేడం, సెవిలో అయ్యేటి?” అని. “సప్పుడు పడదండి నాకు” అందట మీ అమ్మ. ఆవిడ, “ఓహో, టీసీ బేగి ఇప్పించండి, బస్సుంది” అందట. అంతే. ఆ మాటకి ఆకాశం విరిగి పడలేదు. ఆ మాటే నేను ఆరోజు మేస్త్రీ భార్యతో అని ఉంటే ఏమయ్యేది? నిజంగా పిచ్చిపిల్ల అనేవాళ్ళా, లేక ఓహో అని తట్టలోకి తల దించుకునేవాళ్ళా? ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఆవిడా లేదు, అడగడానికి ఎవరూ మిగల్లేదు.

ఈ పొద్దున మీ అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, ఎలా ఉంటాయో చూద్దామని వాటిని నా చెవుల్లో పెట్టుకున్నాను. పొయ్యి మీద కుక్కరు ఉంది. కూత ఎక్కడో మాకవరపాలెంలో వేసినట్టు వినిపించింది. డెబ్బై ఏళ్ళుగా ఏ చప్పుడుకైనా నా భుజాలు పైకి లేచి బిగుసుకుంటాయని, ఇవాళ అవి కిందికి దిగాకగాని నాకు తెలియలేదు.

ఇంకో డబ్బా పంపండి. ఎవరికని అడగొద్దు. పెట్టె మీద మాత్రం లోపలేముందో రాసి పంపండి.