చాటవ్వ కళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చూపు లేని మనుషులు గోడ పొడుగునా నిలబడి ఉండేవాళ్ళు. రాజులు, రాణులు, గుర్రాలు, వేటకుక్కలు, అందరూ ఎర్రటి గుడ్డ మీద. ఒంటి నిండా రంగులు, నగలు, మీసాలు ఉండేవి గానీ కళ్ళ చోట మాత్రం తెల్లగా ఖాళీ. కొత్తగా మా ఇంటికి వచ్చినవాళ్ళు జంకేవాళ్ళు. నాకు అలవాటే. వాళ్ళ కళ్ళు మా అవ్వ కుంచెలో ఉన్నాయని నాకు తెలుసు.

అవ్వ అంటే మా నాయిన తల్లి. జనగామ దగ్గరి ఒక ఊళ్ళో మాది పటాలు వేసే ఇల్లు. పటం అంటే చాపలా చుట్టి పెట్టుకునే పొడుగాటి గుడ్డ. దాని మీద కథంతా వరుసలుగా బొమ్మల్లో ఉంటుంది. కథలు చెప్పే మేళాలు దాన్ని ఊరూరికీ మోసుకుపోయి, రెండు గుంజల మధ్య వేలాడదీసి, ఒక్కొక్క వరుస విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడేవి. తాత పోయాక మా ఇంట్లో ఆ పని అవ్వ చేతికి వచ్చింది. చింతగింజల అంబలి కాచి గుడ్డకు పట్టించడం దగ్గరి నుంచి చివరి గీత దాకా అంతా ఆమే. మా నాయిన పక్కన కూర్చుని రంగులు నింపేవాడు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. పటం అంతా పూర్తయినా కళ్ళు పెట్టేవాళ్ళం కాదు. మేళం వచ్చి, విప్పి చూసుకుని, బాగుందన్నాక కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. అప్పుడు అవ్వ ఉడుత తోక వెంట్రుకల కుంచె తీసుకుని వాళ్ళందరి ముందూ ఒక్కొక్క బొమ్మ కంట్లో నల్ల చుక్క పెట్టేది. దాన్ని కళ్ళు తెరవడం అనేవాళ్ళు. తెరిచే దాకా బొమ్మ వేసినవాళ్ళది. తెరిచాక తీసుకున్నవాళ్ళది, ఇక మేము దాన్ని తాకడానికి కూడా లేదు. మేళాలన్నింటికీ, పటం వేసే ఇళ్ళన్నింటికీ ఇది తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

అవ్వ వేసే ప్రతి పటంలోనూ అడుగు వరుసలో, ఒక మూలన, కథతో సంబంధం లేని ఒక ముసలమ్మ ఉండేది. నెత్తి మీద చాట బోర్లించుకుని, మోకాళ్ళు ముడుచుకుని, రెప్పలు వాల్చి కూర్చునేది. పైన రాజులు యుద్ధం చేసుకుంటుంటే ఈమెకు ఏమీ పట్టదు. పేరు మా దగ్గర పటాలు వేయించుకునే ఒక మేళం వాళ్ళే పెట్టారు, చాటవ్వ అని. ఆ మేళం పెద్ద మంచి మాటకారి. కథ బరువెక్కినప్పుడల్లా కర్ర కిందికి దించి చాటవ్వ మీద పెట్టేవాడు. "రాజ్యం మునిగిపోతుందే, లెవ్వే!" అని అరిచేవాడు. "మునగనియ్యి, నా చాట తేల్తది" అని తనే ముసలి గొంతుతో జవాబు చెప్పేవాడు. ఒకసారి అవ్వ నన్ను కేసముద్రం తీసుకుపోయింది. మార్కెట్ దగ్గర బస్తాలు దించి వచ్చిన హమాలీలు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను. వాళ్ళకు రాజు పేరు గుర్తుందో లేదో, చాటవ్వ ఎప్పుడు వస్తుందని మాత్రం అడిగారు. అవ్వ వెనక నిలబడి చూసింది. చాటవ్వ ఈమె చేతిలో పుట్టిందని మేళం పెద్ద చెప్పలేదు. ఆయన చెప్పలేదన్న సంగతి అవ్వ మరిచిపోయిందేమో గానీ నేను మరవలేదు.

మరుసటి ఏడు మేళం మా ఇంటికి రాలేదు. పాలకుర్తి వైపు ఎవరో కొత్తగా పటాలు వేస్తున్నారనీ, వీళ్ళు అక్కడ వేయించుకున్నారనీ తెలిసింది. అందులో చాటవ్వ కూడా ఉందని పక్కింటి అక్క చూసి వచ్చి చెప్పింది. పటం ఇంకొకరి దగ్గర వేయించుకుంటే అవ్వ ఏమీ అనేది కాదు, అది వాళ్ళ ఇష్టం. చాటవ్వ అనగానే మాత్రం చేతిలో కుంచె కింద పెట్టింది.

అవ్వ పెట్టించిన పంచాయితీ రఘునాథపల్లిలో, కులపెద్ద ఇంటి ముందు పందిరి కింద జరిగింది. అవ్వ నన్ను వెంట తీసుకుపోయింది. పెద్దలు మంచాల మీద, మేళం వాళ్ళు చాపల మీద, మేము నేల మీద. చాప ఇంకొకటి గోడకు నిలబెట్టి ఉంది. ఎవరూ తీసి మాకు పరచలేదు.

మేళం పెద్ద లేచి నిలబడి మాట్లాడాడు. "అవ్వా, నీ గుడ్డ మీద అది మూలకు పడి ఉండె. దానికి పేరు వెట్టింది ఎవలు? మాట్లాడిపిచ్చింది ఎవలు? ఊరూరా తిప్పి అందరికి ఎరుక చేసింది మేమే గద. చాటవ్వ మాది."

"మాటలు మీవే కొడుకా, నేను కాదంటలేను" అంది అవ్వ. "మనిషి నాది."

"గదేందవ్వా! బర్రెను తోలిచ్చినంక దుడ్డె నాదంటే ఎట్ల?" అన్నాడు ఒక పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు ఆలస్యంగా నవ్వారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

వాళ్ళ నవ్వు ఆగాక అవ్వ, "జర రెండు పటాలు విప్పున్రి" అంది.

విప్పారు. పాతది అవ్వ వేసింది, కొత్తది పాలకుర్తి ఆయన వేసింది. పక్కపక్కన పరిచారు. అవ్వ మోకాళ్ళ మీద జరుగుతూ పాత పటం దగ్గరికి పోయింది, వేలు మాత్రం తగలనీయలేదు. "దీంట్ల ఒక్కొక్కరినే సూడున్రి. రాజుకు కండ్లు తెరిచిన. గుర్రానికి తెరిచిన. కుక్కకు సుత తెరిచిన. ఈ మేళమంత ముంగట కూసున్నంకనే తెరిచిన. ఇగ చాటవ్వను సూడున్రి."

అందరూ వంగి చూశారు. చాటవ్వ కళ్ళ చోట వాల్చిన రెప్పల సన్నటి గీత తప్ప ఏమీ లేదు.

"అది నిద్రపోతున్నది గద!" అన్నాడు మేళం పెద్ద.

"నిద్ర అని నేను చెప్పిన్నా? మీరే అన్నరు, మీరే నవ్విండ్రు. నేను తెరువలే. ఏ పటంల తెరువలే. తెరువని బొమ్మ ఇచ్చినట్టెట్లయితది?"

కులపెద్ద కొత్త పటం వైపు తిరిగాడు. అందులో చాటవ్వ నల్లటి కనుగుడ్లతో మా అందరినీ చూస్తోంది. పాలకుర్తి ఆయనకు ఏమి తెలుసు, అన్నింటితో పాటు ఆమెకూ చుక్కలు పెట్టేశాడు. మెలకువగా ఉన్న చాటవ్వను చూస్తే నాకు ఎవరో పరాయి ఆడమనిషి మా అవ్వ చీర కట్టుకుని కూర్చున్నట్టు ఉంది.

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి కట్టుబాటు కట్టుబాటే అన్నారు. చాటవ్వ మా అవ్వదనీ, ఆమె కాదంటే ఇంకొకరు వేయకూడదనీ, మేళం చూపించకూడదనీ తీర్పు చెప్పారు. ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపలేను, ఎందుకంటే ఆ రోజు ఇక్కడ ఆగలేదు.

మేళం పెద్ద నడుము దగ్గరి చాకు తీశాడు. పటానికి మొక్కి గానీ విప్పని మనిషి, దాని ముందు చెప్పులు వేసుకోని మనిషి, పాత పటం మూలను కోసేశాడు. గుడ్డ చిరిగిన చప్పుడుకు పెద్దలు "అరెరె" అన్నారే గానీ ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఆ ముక్కను అవ్వ ముందు విసిరాడు. "కట్టుబాటే గావాల్నా? పట్టు. నీ మనిషిని నువ్వే ఆడిపిచ్చుకో. ఇగ ఏ మేళమన్న నీ గడప తొక్కుతదేమో సూస్త." కొత్త పటంలోని చాటవ్వను కూడా కోసి రోడ్డు మీద పారేశాడు.

అవ్వ ఆ ముక్క తీసుకుని, దుమ్ము దులిపి, కొంగులో ముడి వేసుకుంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ, "మనమే గెలిచినం గదా అవ్వా" అన్నాను.

"గెలిచినం బిడ్డా. చాటవ్వనే సచ్చిపోయింది. నవ్వేటోళ్ళు లేకుంటే గిది గుడ్డపేలికనే."

"గిట్లయితదని నీకు ముందే ఎరుకనా? అందుకే కండ్లు తెరువలేదా?"

"నాకేమెరుక. పొద్దంత గీస్త. అందరికి కండ్లు తెరుస్త, అందరిని పంపిస్త. ఒక్కదాన్నన్న నాకు ఉంచుకోవాలెననిపిచ్చింది. గంతే."

కాసేపటికి మళ్ళీ అడిగాను, మళ్ళీ ఎవరన్నా ఇట్లా చేస్తే మళ్ళీ పంచాయితీకి పోతావా అని. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది. "పోక? నాది నాది గాదని వాడంటే ఊకుంటనా?"

మేళం పెద్ద అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు నుంచి ఏ మేళమూ మా ఇంటికి రాలేదు. కొబ్బరిచిప్పల్లో రంగులు ఎండి బీటలు వారాయి. అవ్వ పెళ్ళిళ్ళకు కుండల మీద గీతలు వేసింది, కొన్నాళ్ళకు అదీ తగ్గింది. మా నాయిన కుంచెలు కడిగి దూలం సందులో దోపి, కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోయడానికి పోయాడు. చాటవ్వను చూసి నవ్విన హమాలీల మధ్య పని చేశాడు. "ఒక్క మూల బొమ్మ కోసం ఇల్లు ముంచితివి గదనే" అని ఒకేసారి అన్నాడు అవ్వతో. అవ్వ తలెత్తకుండా కుండ మీద గీత వేస్తూనే ఉంది. అది ఒప్పుకున్నట్టు కాదని నాకు అప్పుడే అర్థమైంది.

నేను పెద్దదాన్నయి బొమ్మలే పట్టుకున్నాను. హైదరాబాదులో ఒక పిల్లల మాసపత్రికకు ఏళ్ళ తరబడి ఒక బొమ్మల కథ వేశాను. మేకలు కాసే లచ్చి అనే పిల్ల, ఒంటి కొమ్ము మేక, పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడడం. జనగామలో నేనుండే ఇంట్లో కూర్చుని గీసి పంపేదాన్ని, వాళ్ళ ఉద్యోగిని ఏనాడూ కాదు. మొదట్లో లచ్చి మా మాటే మాట్లాడేది. ఈ భాష పిల్లలకు అర్థం కాదమ్మా అని సంపాదకుడు నెల నెలా దిద్దేవాడు. ఆఫీసుకు పోతే పాత పత్రికల కట్టల మీద కూర్చోబెట్టేవాళ్ళు. అన్నీ గుర్తున్నాయి.

ఇప్పుడు ఆ పత్రిక సంస్థ వాళ్ళు లచ్చిని ఫోనుల్లో కదిలే బొమ్మగా చేశారు. వేరేవాళ్ళు గీశారు. ఒకప్పుడు పనికిరాదన్న మా మాటనే దాని నోట్లో పెట్టారు, అదీ నవ్వులాటకు, తప్పుల తడకగా. నా పేరు ఎక్కడా లేదు. అడగడానికి పోతే లచ్చి సంస్థ సొత్తు అన్నారు. జనగామ కోర్టులో దావా వేశాను. వాళ్ళ వకీలు జడ్జిగారి ముందు నిలబడి, ఈ పాత్రను ఇంటింటికీ చేర్చి పేరు తెచ్చింది మా సంస్థే అన్నాడు. మంచి ఇస్త్రీ బట్టలు, నల్ల కోటు. నాకు మాత్రం రఘునాథపల్లి పందిరి కింద చాకు పెట్టుకున్న మనిషి కనిపించాడు.

రాజీకి రమ్మన్నారు. చివర్లో చిన్న అక్షరాల్లో 'మూల ఆలోచన' అని నా పేరు వేస్తారట, దావా వెనక్కి తీసుకోవాలట. కాదన్నాను. తీర్పు వచ్చేదాకా లచ్చిని ఎవరూ వేయకూడదని కోర్టు ఆపింది. వాళ్ళు వేయడం లేదు, నేనూ వేయడం లేదు. మొన్న పాలకుర్తి ఆటోలో ఒక పిల్ల నన్ను గుర్తుపట్టి, "లచ్చి ఎటువోయింది అమ్మమ్మా?" అని అడిగింది. వస్తుందిలే అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిస్తే ఆ పిల్ల లచ్చి వయసు దాటిపోతుంది. మా వకీలు కూడా అలసిపోయాడు, ఇక చాలమ్మా అంటున్నాడు. గెలిస్తే ఏమి మిగులుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడే చూశాను. అయినా వచ్చే వాయిదాకు పోతాను.

అవ్వ పోయే ముందు ఆ గుడ్డముక్కనూ, ఉడుత తోక కుంచెనూ నా చేతిలో పెట్టింది. కళ్ళు తెరవమని చెప్పలేదు, తానూ తెరవలేదు. వాయిదా ఉన్నప్పుడల్లా ఆ ముక్కను సంచిలో పెట్టుకుని కోర్టుకు పోతాను. ఎవరికీ చూపించను. బల్ల మీద కూర్చుని నా పేరు పిలిచేదాకా సంచిలో చెయ్యి పెట్టి పట్టుకుంటాను. ఎర్ర రంగు పెచ్చులు ఊడిపోతోంది గానీ రెప్పల గీత చెదరలేదు. నా దగ్గర ఉన్నంత మాత్రాన చాటవ్వ నాది కాదు. మా అవ్వ ఆమెను ఎవరికీ ఇవ్వలేదు, నాకు కూడా.