పిన్నీ అని పిలవొద్దన్న మేడమ్

మంగళవారం పొద్దున మా ఊరి నుంచి తిరిగొస్తూ చల్లపల్లిలో విజయవాడ బస్సు ఎక్కబోతుండగా మేడమ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది వాళ్ళాయన.

"అమ్మా, మేడమ్ తెల్లవారుజామున పోయారు. గుండెపోటు. రేపు మధ్యాహ్నం మీకు టైమిచ్చినట్టు ఆవిడ ఫోన్లో ఉంది. పాపం అనవసరంగా వస్తారని చేశాను."

ఆ గొంతు చాలా మామూలుగా ఉంది. భార్య ఫోన్ చేతిలో పెట్టుకుని, ఆమె ఇచ్చిన టైములన్నీ ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ ఆయన కూర్చున్నారని అర్థమైంది. "సరేనండీ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పీకుతోంది. ఏం సరే?

బస్సులో సీటు ఉన్నా కూర్చోలేకపోయాను. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. "ఏమ్మా, కూర్చుంటే కూర్చో, నిలబడితే నిలబడు, ఏదో ఒకటి చెయ్యి. నీ వెనక ఆయనకి కళ్ళు తిరుగుతున్నాయి," అంది కండక్టరు. కూచిపూడి దాటుతుంటే మేడమ్ మాట చెవిలో పడ్డట్టయింది. ఆమె పుట్టింది ఆ పక్క ఊళ్ళోనే. "మాది కూచిపూడి పక్కనంటే చాలు, డాన్సు వచ్చా అంటారమ్మా అందరూ. నాకొచ్చింది కూర్చోవడం ఒక్కటే," అని నవ్వేవారు.

కూర్చోవడం. నాకు ఆమె నేర్పింది అదే. ఆ రోజు అది ఒక్కటే నా చేత కాలేదు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మనసులో బాధతో వచ్చినవాళ్ళతో మాట్లాడి, వాళ్ళని మాట్లాడనిచ్చి, బాగుచేసే పని మాది. చదువు అయిపోగానే లైసెన్సు చేతికి రాదు. కొంతకాలం పెద్దవాళ్ళ పర్యవేక్షణలో పనిచేయాలి. గదిలో ఏం జరిగిందో, మనమేం అన్నామో, ఏం అనలేకపోయామో, వచ్చినవాళ్ళ పేరు బయటపెట్టకుండా వారం వారం వాళ్ళకి చెప్పుకోవాలి. విజయవాడలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తూ నేను అలా చెప్పుకున్నది మేడమ్‌కి.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. అమ్మా నాన్నా పొలం పనుల్లోనే ఉన్నారు. నా ఉద్యోగం గురించి అమ్మ ఒకసారి అడిగింది. "ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నందుకు జీతమిస్తారటే నీకు? మన వీధిలో అందరూ ఊరికే చూస్తారు కదే!" మేడమ్‌కి చెబితే కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు. "వీధిలోవాళ్ళు కూర మాడుతోందని మధ్యలో లేచిపోతారు. నువ్వు లేవకూడదు. జీతం దానికేనని చెప్పు మీ అమ్మకి."

బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపు పైన ఆమె గది. కింద హారన్లు. మొదటి రోజు ఇస్త్రీ చీరలో, వీపు కుర్చీకి ఆనకుండా కూర్చుని, ఇంగ్లీషు మాటలన్నీ పేర్చి చెప్పాను. "పేషెంటుకి లో మూడ్, పూర్ స్లీప్ ఉన్నాయి మేడమ్."

"కలెక్టరు గారూ, ఆవిడ 'నాకు లో మూడ్' అందా?"

"లేదు మేడమ్."

"మరేమంది?"

"'పొద్దున్నే లేచి ఎవరికోసం వండాలి' అంది మేడమ్."

"అదీ. నా దగ్గరకి అది పట్టుకురా. ఆ మిగతాది ఫైల్లో రాసుకో."

ఆ తర్వాత చాలాకాలం నేను కలెక్టరు గారినే. ఏదైనా బాగా చేసిన రోజు మాత్రం "అమ్మాయ్" అనేవారు. మెల్లగా అదే స్థిరపడింది.

ఆమె అంత సులువైన మనిషి కాదు. మధ్యాహ్నం పూట ఎదురుగానే ఆవలించేవారు. నేను చిన్నబుచ్చుకుంటే, "నాకు నిద్రొస్తోందంటే నువ్వు అసలు సంగతి చెప్పట్లేదన్నమాట," అనేవారు. నిజంగా అలసిపోయి ఆవలించినా ఆ మాటే అనేవారని నా అనుమానం. నాకు సలహాల జబ్బు ఉండేది. పెరిగిన చోట ఎవరు కష్టం చెప్పుకున్నా, వాక్యం పూర్తయ్యేలోగా నాలుగు సలహాలు వచ్చిపడతాయి. "సలహా నాలిక మీదికొస్తే ఒక గుక్క నీళ్ళు తాగు," అన్నారు మేడమ్. మొదటి రోజుల్లో సెషన్ సగమయ్యేసరికే నా సీసా ఖాళీ. ఆమె ముందు నా కాలు ఎప్పుడూ ఊగుతూనే ఉండేది. ఒక్కసారీ ఆపమనలేదు. "ఊగనీ. అదేం అడుగుతోందో కనుక్కో," అనేవారు.

ఇప్పుడు ఒకామె సంగతి చెప్పాలి. ఆమెను అడిగి, ఊరూ పనీ మార్చి ఈ మాత్రం రాస్తున్నాను. నలభై దాటిన మనిషి. బట్టలు కుట్టే పని. కొన్నాళ్ళుగా నిద్ర లేదు, చేతులు వణికి సూదిలో దారం ఎక్కడం లేదు. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదని తేల్చి డాక్టరు గారు నా దగ్గరకి పంపారు. ఆమె బెదురు పోగొడదామని మొదటి రోజే "రండి పిన్నీ, కూర్చోండి" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళని వరస కలపకుండా పిలిస్తే పొగరనుకుంటారు. ఆమె ముఖం విప్పారింది. వారం వారం వచ్చింది. చేగోడీలు తెచ్చింది. నా పెళ్ళి గురించి అడిగింది. నిద్ర మాత్రం రాలేదు, వణుకూ తగ్గలేదు. ఆమె లోపల ఏదో బరువుందని నాకు తెలుస్తూనే ఉంది. మేము ఎంత దగ్గరైతే అది అంత లోపలికి పోతోంది.

మేడమ్ పోవడానికి ముందు బుధవారం ఇదంతా చెప్పుకున్నాను. ఆవలించకుండా విన్నారు. తర్వాత, "లే. ఈ కుర్చీలోకి రా. ఇప్పుడు నువ్వు ఆవిడవి, నేను నువ్వు," అన్నారు. అది ఆమె పద్ధతి. మన దగ్గరకి వచ్చిన మనిషిలా మనల్ని కూర్చోబెట్టి, తాను మనమైపోయేవారు.

కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, కాలు ఊపుతూ, అచ్చం నా గొంతుతో మొదలెట్టారు. "బాగున్నారా పిన్నీ? నిద్ర పట్టిందా పిన్నీ?"

నవ్వు ఆపుకుంటూ జవాబిచ్చాను. "ఏదోలే తల్లీ. నువ్వు తిన్నావా? చిక్కిపోయావ్."

అన్న తర్వాత ఆ మాట నాకే వినపడింది.

"ఎందుకలా అన్నావ్?" అన్నారు మేడమ్, తన గొంతులో.

"మీరు చిన్నపిల్లలా కనిపించారు మేడమ్."

"చిన్నపిల్లకి నీ కష్టం చెబుతావా?"

"చెప్పను. బెదురుతుంది."

"మరి ఆవిడ మాత్రం ఎలా చెబుతుంది? పిన్నీ పిన్నీ అని ఆవిడ ఒళ్ళో కూర్చున్నావ్. నిన్ను సాకడానికే సరిపోతోంది పాపం ఆవిడకి."

ఏం పిలవాలని అడిగాను. పేరు పెట్టి గారు అనమన్నారు.

"బాగోదు మేడమ్. ఇన్నాళ్ళూ పిన్నీ అని, ఇప్పుడు గారు అంటే చుట్టరికం తెంచుకున్నట్టే. ఇంక రాదు."

"రాకపోవచ్చు. ఇలాగే సాగితే మాత్రం ఏడాది పొడుగునా వచ్చి, నీకు చేగోడీలు పెట్టి పోతుంది. నిద్ర మాత్రం పట్టదు. గుట్టుగా మార్చకు, ఎందుకు మారుస్తున్నావో ముఖం మీదే చెప్పు."

నాకు ఉక్రోషం వచ్చింది. "మీరు మాత్రం నన్ను అమ్మాయ్ అంటారుగా మేడమ్!"

ఆమె సంచి భుజానికి తగిలించుకోబోతూ ఆగారు. "అంటాను. అందుకే నువ్వు నాతో ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా పోట్లాడలేదు. అది నా తప్పే. వచ్చే వారం దాని పని పడదాం," అన్నారు. మెట్లు దిగుతూ ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

నాకు మిగిలిన ఆమె చివరి మాట అది. ఆ వచ్చే వారమే రాలేదు.

మంగళవారం ఆ ఇంటికి వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. బంధువులు లోపల ఉన్నారు. మాలాంటి శిష్యులు మెట్ల మీద ఉన్నారు. గోడవారగా మరి కొందరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా నిలబడ్డారు. ఒక ముసలాయన. కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి. బుర్ఖాలో ఒక పెద్దావిడ, కళ్ళు వాచిపోయి. చుట్టాలావిడ ఒకామె ఆమెను పలకరించింది. "మీరెవరండీ? ఆవిడ మీకెలా తెలుసు?"

"తెలుసండీ," అంది ఆవిడ.

మేడమ్ వాళ్ళాయన మంచినీళ్ళ గ్లాసుతో ఆమె దగ్గరికి నడిచారు. "తాగండమ్మా," అని ఇచ్చి, చుట్టాలావిడ వైపు తిరిగి, "ఈ ఇంట్లో ఆ మాట అడగమండీ," అన్నారు నెమ్మదిగా. ఆ గోడవారగా ఉన్నవాళ్ళందరి తలలూ ఒక్కసారి వంగాయి. బాధ చెప్పుకోవడానికి మేడమ్ దగ్గరకి వచ్చినవాళ్ళు. తమకు ఆమె ఏమవుతుందో పైకి చెప్పుకునే వీల్లేని ఏడుపు వాళ్ళది. నేనైతే కనీసం శిష్యురాలినని చెప్పుకోగలను.

ఆ కుట్టుపనావిడ శుక్రవారం రావాలి. పర్యవేక్షణ లేకుండా నేను ఎవరినీ చూడకూడదు. ఆస్పత్రిలో సీనియర్ డాక్టరు గారు, "కొత్తవాళ్ళు కుదిరేదాకా నేను చూసుకుంటాను, పక్క గదిలోనే ఉంటాను. నీకు చేతకాదనిపిస్తే వాయిదా వెయ్యి, తప్పేం లేదు," అన్నారు. రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాను. హాస్టల్ గదిలో బట్టలన్నీ మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టాను. ఇక పిన్నీ అననని చెబితే ఆమె మళ్ళీ రాకపోవచ్చు. వచ్చే ఒక్క చోటూ ఆమెకి పోతుంది. చెప్పకపోతే ఆ బరువు అలాగే ఉంటుంది. అంతకన్నా తొలిచింది ఇంకోటి. ఇది ఆమె కోసం చెబుతున్నానా, పోయిన మేడమ్ మాట నిలబెట్టడానికి చెబుతున్నానా? రెండోదైతే చెప్పకూడదు. మేడమే ఒప్పుకునేవారు కాదు. వచ్చినవాళ్ళని మన దుఃఖానికి వాడుకోవడం ఆమెకి అసహ్యం.

తేల్చుకోలేదు. శుక్రవారం ఆమె తలుపు తీసుకుని, "ఏంటి తల్లీ, ముఖం అలా పీక్కుపోయింది?" అంటూనే లోపలికొచ్చింది. ఒక్క క్షణం ఆమె ఒళ్ళో తలపెట్టి అంతా చెప్పేయాలనిపించింది. అలా అనిపించినందుకే ఏం చేయాలో తెలిసింది.

"ఇక నుంచి మిమ్మల్ని పిన్నీ అనను," అన్నాను. పేరు పెట్టి గారు అన్నాను.

ఆమె ముఖం రంగు మారిపోయింది. "ఏం, నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"లేదండీ. పిన్నీ అంటుంటే మీకు నా మీదే బెంగ. నేను తిన్నానా, చిక్కానా అని. ఈ గదిలో ఆ బెంగ మీకు వద్దు. నేను బెదరను."

ఆమె లేచి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. నేను పిలవలేదు, నీళ్ళ సీసా కూడా ముట్టుకోలేదు. ఆమె నిలబడే, తలుపు వైపు చూస్తూ అడిగింది. "ఏం చెప్పినా?"

"ఏం చెప్పినా."

కూర్చుంది. తర్వాత ఆమె చెప్పింది ఇక్కడ రాయను. టైము అయిపోయాక, "వచ్చే శుక్రవారం ఇదే టైమేగా?" అని మాత్రం అడిగి వెళ్ళింది.

ఇదంతా బుధవారం మధ్యాహ్నం ఆ కళ్ళజోళ్ళ షాపు పైన చెప్పుకోవాల్సిన సంగతి. అక్కడ ఇప్పుడు తాళం వేసి ఉంది. అందుకని మీకు చెప్పాను. మీరు అమ్మాయ్ అనరు, ఆవలించరు. ఆమె ఉంటే తప్పు ఎక్కడ పట్టుకునేవారో, నేను ఈసారైనా పోట్లాడేదాన్నో లేదో తెలియదు.

ఆ శుక్రవారం కుట్టుపనావిడ వెళ్ళాక కిటికీలోంచి చూశాను. గేటు పక్క కుళాయి తిప్పి దోసిళ్ళతో ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకోలేదు. ఎదురుగా సిటీ బస్సు వచ్చి ఆగింది, వెళ్ళింది. వెనకే ఇంకొకటి. ఆమె ఏదీ ఎక్కలేదు. తడి ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎండలో అలాగే నిలబడి ఉంది.