ఆళ్లగడ్డలో జప్తు చేసిన చేప

నంద్యాల మత్స్యశాఖలో నా ఉద్యోగం చెరువులతో, కాలువలతో గడిచిపోతుంది. ఏ చెరువులో చేపపిల్లలు వదలాలి, ఏ సంఘానికి ఏ కుంట, ఎవరి వల కన్ను మరీ చిన్నదిగా ఉంది, ఇవే నా రోజువారీ తగాదాలు. బొచ్చె, శీలావతి, కొరమీను, జెల్ల. వీటిని గాజుపెట్టెలో పెట్టుకుని చూసేవాళ్లు ఎవరూ లేరు. చూస్తే పులుసు గుర్తొస్తుంది.

అలాంటి నాకు ఒక ఉత్తర్వు వచ్చింది. పగడపు దిబ్బల దగ్గర పట్టిన సముద్రపు రంగుచేపలను అనుమతి లేకుండా అమ్మకూడదు, కొనకూడదు, ఇళ్లలో ఉంచుకోకూడదు. తొట్లలో పుట్టించి పెంచినవైతే, ఎక్కడ పుట్టాయో చెప్పే కాగితం ఉంటే, పరవాలేదు. అందరూ తనిఖీ చేసి, దొరికినవాటిని జప్తు చేయాలి. తీరప్రాంతపు జిల్లాలకు పంపిన కాగితమే మాకూ పంపారు. మమ్మల్ని వదిలేస్తే మేం నొచ్చుకుంటాం అనుకున్నారేమో.

మా పై అధికారి వేరే శాఖ నుంచి ఇన్‌ఛార్జిగా వచ్చినాయన. "ఇవి మన దగ్గరేమైనా ఉంటాయా అమ్మా?" అని అడిగారు. ఉండవన్నాను. "అయితే వెళ్లి, లేవని చూసి రండి" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వు నాకు నచ్చింది. ఆ చేపల్ని ఎలా పడతారో ఆ రోజు సాయంత్రం కూర్చుని చదివాను. అందరూ కాకపోయినా కొందరు దిబ్బ సందుల్లోకి విషం కలిపిన నీళ్లు చిమ్ముతారు. దాక్కున్న చేపకు మైకం కమ్ముతుంది. చేత్తో తీసి సంచిలో వేసుకుంటారు. విషం మాత్రం అక్కడే ఉండిపోతుంది, దిబ్బ చచ్చిపోతుంది. ఇదంతా ఎవరి ఇంట్లోనో సోఫా పక్కన నీలం రంగు కనబడటానికి. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండటం కొత్తేమీ కాదు, మా ఇంట్లో అడిగితే చెప్తారు.

మరుసటి రోజు నుంచి నంద్యాలలో రంగుచేపల అంగళ్లన్నీ తిరిగాను. అన్నిచోట్లా గోల్డ్ ఫిష్‌లే, మంచినీళ్లవే. చివరికి శ్రీనివాసనగర్‌లో ఒక అంగడాయన దగ్గర ఆగాను. సముద్రపు చేపలున్నాయా అని అడగ్గానే ఆయన నిజం చెప్పేశాడు. అబద్ధం చెప్పాలన్న సంగతి తట్టినట్టు లేదు.

"ఒగసారి తెప్పిచ్చినా మేడమ్. చెన్నై నుంచి డబ్బాలో వచ్చినాయి. ఇంగ తెప్పీలా."

"ఎందుకు?"

"డబ్బా ఇప్పితే అన్నీ సచ్చిండాయి. ఒగటే బతికింది. దాన్ని ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కే పెద్దాయన కొనుక్కపాయ."

ఎలా పట్టారో, ఎవరు పట్టారో ఆయనకు తెలియదు. కాగితం ఏమీ రాలేదు. డబ్బా నిండా వస్తే ఒకటి బతికిందన్న మాట విన్నాక ఆ చేపను జప్తు చేసి తీరాలనుకున్నాను. చేపను జప్తు చేస్తే ఎవరికి బుద్ధి వస్తుందో అప్పుడు ఆలోచించలేదు.

ఆళ్లగడ్డ బస్సు దిగగానే రాళ్లు చెక్కే గ్రైండర్ల మోత మొదలవుతుంది. రోడ్డు పక్కన కొట్టాల్లో సగం చెక్కిన దేవుళ్లు వరుసగా నిలబడి ఉంటారు. మేం చర్చికి పోయేవాళ్లం, మా ఇంట్లో విగ్రహాలుండవు. అయినా ఆ ఊరు పోయినప్పుడల్లా కాసేపు నిలబడి చూస్తాను. ఆ రోజు నిలబడలేదు, కోపం మీద ఉన్నాను.

పెద్దాయన ఇల్లు వాళ్ల కొట్టం వెనకాలే. కోడలు తలుపు తీసింది. నేనెవరో చెబితే, "మామకు ఇనపడదు మేడమ్, గట్టిగా చెప్పల్ల" అంది. చిన్నప్పటి నుంచి రాయి మీద ఉలి మోత, ఆ తర్వాత మిషన్ల మోత విని విని ఆయన చెవులు పోయాయి. దుమ్ముకు ఊపిరితిత్తులూ పాడైపోయాయి. ఇక కొట్టంలోకి పోవద్దని డాక్టర్ చెప్పాడు. పని ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. ఒకసారి ఏదో హోటల్ గోడకు చేపలు చెక్కమని వాళ్లకు పని వచ్చింది. చేపలెలా ఉంటాయో చూద్దామని నంద్యాల పోతే, ఈయన ఒక తొట్టి ముందు నిలబడి కదల్లేదట. అలా కొన్నారు. హోటల్ వాళ్లు ఆ తర్వాత నెమళ్లు చాలన్నారు.

లోపలి గదిలో తలుపులు మూసి, ఫ్యాను కింద, తొట్టి ముందర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "దా అమ్మా, దొరను సూడనీకి వచ్చినావా?" అని కేక పెట్టాడు. వినపడనివాళ్లు అందరికీ వినపడేలా మాట్లాడతారు. వీధిలో ఎవరో తొంగి చూశారు.

దొర అంటే ఆ చేప. నీలం ఒంటి మీద తల నుంచి తోక దాకా పసుపు గీతలు, కళ్లకు అడ్డంగా నల్లటి పట్టీ. అరచేతి కన్నా పెద్దది. నేను అటు నడిస్తే అటు, ఇటు నడిస్తే ఇటు తిరిగి చూసింది. ఇంత అందమైనదాన్ని నా ఉద్యోగంలో చూడలేదు. అందుకే దాన్ని అంత దూరం నుంచి తెచ్చారని గుర్తొచ్చి మళ్లీ కోపం తెచ్చుకున్నాను.

"పెద్దాయనా, దీన్ని తీసుకుపోవాలి! రూలు వచ్చింది!" అన్నాను గొంతు చించుకుని.

"ఏం వచ్చింది?"

"రూలు!"

"యానికి?"

కోడలు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పింది. విషం సంగతి, దిబ్బ సంగతి, డబ్బాలో చచ్చినవాటి సంగతి. ఆ వీధి మొత్తానికి పగడపు దిబ్బల రక్షణ గురించి తెలిసింది ఆ రోజే. ఆయన విన్నంతసేపూ చేపనే చూశాడు.

"ఇసం పెట్టి పట్టిన్యారా దీన్ని?" అన్నాడు చివరికి.

"పెట్టే ఉంటారు!"

"ఇది ఒగటే మిగిలిందా?"

తలూపాను. నేను గొడవకు సిద్ధపడి వచ్చాను. మా శాఖవాళ్లను చూసి వల దాచేవాళ్లు, బూతులు తిట్టేవాళ్లు, ఎమ్మెల్యేకు ఫోన్ చేసేవాళ్లు అందరూ నాకు అలవాటే. ఈయన మాత్రం, "తప్పే. కొనకుండా ఉండాల్సింది. తీస్కపో" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి తొట్టి గాజు మీద ఉంది, తీయలేదు.

"నాకా మాట ఇనపడదు, అదా మాట్లాడదు. ఇద్దరికీ సరిపాయింది" అని కూడా అన్నాడు. జాలి కోసం అన్నట్టు లేదు, వాన పడలేదు అన్నట్టు అన్నాడు.

బయటికి వచ్చి పై అధికారికి ఫోన్ చేశాను. చేప ఉందన్నాను. ఆయన కంగారు పడ్డారు.

"జప్తు చేస్తే ఎక్కడ పెట్టాలి?"

"అదే మిమ్మల్ని అడుగుతున్నాను సార్."

"సహజ ఆవాసంలో వదిలేయండి. దగ్గర్లో ఏముంది?"

"కుందూ నది ఉంది సార్."

"వదిలి ఫోటో పంపండి."

"సార్, అది ఉప్పునీళ్ల చేప. కుందూలో వేస్తే చస్తుంది."

"కొంచెం ఉప్పు కలిపితే?"

"కుందూలోనా సార్?"

ఇసుక ట్రాక్టర్లు పట్టుకున్నప్పుడు స్టేషన్లో జాగా లేక ఓనరు ఇంటి ముందరే నిలబెట్టిస్తారు. బండి సర్కారుది, కాపలా ఓనరుది. అదే దారిలో పోదామన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. లోపలికి వెళ్లి కాగితం రాశాను. చేప ప్రభుత్వానిది. పెద్దాయన దాన్ని సాకాలి. అమ్మకూడదు, ఇవ్వకూడదు. అది పోయాక అలాంటిది ఇంకొకటి తేకూడదు. చివరి మాట చదివినప్పుడు కోడలు ఆయన చెవిలో రెండుసార్లు చెప్పింది. ఆయన తలూపి సంతకం పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"అట్లయితే దొర ఈన్నే ఉంటాడు. ఇంగ ఇల్లు పెడదాం."

ఇల్లంటే ఏమిటో కోడలు చెప్పింది. తొట్టిలో పెట్టుకోవడానికి పగడం అమ్మకూడదని అంగడాయన చెప్పాడట. దాక్కోవడానికి చోటు లేక చేప మూలకు నిలబడుతోందని, పెద్దాయన డాక్టర్ మాట పక్కన పెట్టి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, నల్లరాతి ముక్కను చిన్న ఉలితో నెలల తరబడి చెక్కాడు. కొడుకు దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. నాలుగు స్తంభాల మండపం. స్తంభానికి స్తంభానికి మధ్య చేప పట్టేంత దారి, పైన కలశం కూడా ఉంది. సముద్రపు దిబ్బ ఇలా ఉండదని నాకు తెలుసు. చెప్పాలనిపించలేదు. రాయి నిగనిగలాడుతోంది.

"కడిగినారా?" అని కొడుకును అడిగాను.

"బాగా కడిగినాం మేడమ్."

తొట్టిలో దించారు. చేప ముందు దూరంగా పోయింది. తర్వాత వచ్చి ఒక స్తంభం చుట్టూ తిరిగింది. కలశం వాసన చూసింది. లోపలికి దూరి, అవతలి నుంచి బయటికొచ్చి, మళ్లీ దూరింది. పెద్దాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తూ గట్టిగా నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. అన్నం తిని పొమ్మన్నారు. సంగటి, గోంగూర ఊరిబిండి. తింటూ ఉండగా కోడలు లోపలికి పోయి, "మామా!" అని అరిచింది.

చేప నీటి పైకొచ్చి నోరు తెరుచుకుంటోంది. మండపం లోపలి నుంచి సన్నగా నల్లటి జిడ్డు పైకి తేలుతోంది. నీటి మీద రంగులు తిరుగుతున్నాయి.

అప్పుడు అడిగాను, రాయికి ఏం పూశారని. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు కొడుకు. ఆ ఊళ్లో ఏ రాయీ నూనె పూయకుండా కొట్టం దాటదు. ఆముదంలో మసి కలిపి, గుడ్డతో రుద్ది రుద్ది రాయికి తాగించాలి. అప్పుడే అది విగ్రహం, అంతవరకు బండ. పెద్దాయన తన దొర కోసం చెక్కినదానికి ఇంకొంచెం ఎక్కువే తాగించాడు. పైన కడిగితే పైది పోయింది, రాయి లోపల తాగింది అలాగే ఉంది. ఆళ్లగడ్డలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేపను ఇలా చంపుకోరు.

కోడలు ఇత్తడి గంగాళం తెచ్చింది. ఉప్పునీళ్లకు ఇత్తడి ఇంకా ముప్పని నేను కేకలేశాను. ప్లాస్టిక్ టబ్బు తెచ్చి, డ్రమ్ములో నీళ్లు మార్చడానికి కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లు పోశాం. గాలి గొట్టం దాంట్లో పెట్టాం. అంగడాయనకు ఫోన్ చేస్తే, చేయాల్సింది అదేనన్నాడు, ఇంకేమీ లేదన్నాడు. చివరి బస్సు దాకా ఉన్నాను. చేప టబ్బులో పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడి, మళ్లీ ఒరుగుతోంది. పెద్దాయన నేల మీద కూర్చుని టబ్బు అంచు పట్టుకున్నాడు. నేను వస్తానన్నాను. ఆయనకు వినపడలేదు.

పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఏమ్మా, మీ చేప పాయ. నేనే సంపినా, రాసుకో."

ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. విషం తట్టుకుంది, డబ్బా తట్టుకుంది, నంద్యాల ఎండ కూడా తట్టుకుంది ఆ చేప. ఆఫీసులో విషయం చెప్తే, "అంటే జిల్లాలో ఇప్పుడు లేనట్టేగా" అన్నారు మా పై అధికారి. లేనట్టే అన్నాను. లేవని రాసి పైకి పంపారు.

ఆ వారమే అంగడాయన దగ్గరికి పోయి, అలాంటిది ఇంకొకటి వస్తుందా అని అడిగాను. నా నోటితో నేనే. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మీరే గదా మేడమ్ వద్దనింది."

నాకు ఆ ఉత్తర్వు మీద నమ్మకం పోలేదు. ఇప్పటికీ అది ఉండాల్సిందే అంటాను. కానీ కుర్చీలో కూర్చున్న ఆ మనిషి కళ్ల ముందు నుంచి పోవడం లేదు. రెండూ నిజమే, నేనేం చేయను? కాగితం ఉన్న చేపే తెప్పించమన్నాను.

వచ్చింది బొటనవేలంత లేదు. నారింజ రంగు ఒంటికి తెల్ల పట్టీలు. దాని పుట్టుక కాగితం దానికన్నా పెద్దది. సంచి ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. కోడలు తొట్టిని ఎన్నోసార్లు కడిగి, కొత్త ఉప్పునీళ్లు పోసి ఉంచింది. "మామ గాలి మోటరు ఆపనీలా మేడమ్. చేప ల్యాకున్నా ఆన్నే కూసుంటాండాడు" అంది.

పెద్దాయన సంచి వైపు చూశాడు, చెయ్యి చాచలేదు.

"ఇది యాడ పట్టింది?"

"పట్టలేదు పెద్దాయనా! తొట్లోనే పుట్టింది!"

"వాళ్లమ్మ?"

"వాళ్లమ్మా తొట్లోనే!"

"అంటే ఇది సముద్రం సూడల్యా."

"చూడలేదు!"

సంచి తీసుకుని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. చేప కూడా ఆయన్ను చూసింది, లేదా అటు తిరిగింది.

"నేనూ సూడల్యా" అన్నాడు. ఆయన అరవకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "దించమ్మా, ఉండనీ."