ఓడ దిగని ఓడ సినిమా

మొన్నామధ్య రుషికొండ దగ్గర ఒక కాలేజీవాళ్లు పాత ఫొటోల ప్రదర్శన పెట్టి, నా బొమ్మలు కొన్ని గోడలకు తగిలించి, చివర్లో నేను డెబ్బైల ఆఖర్లో తీసిన ఒక చిన్న సినిమాను తెర మీద వేశారు. దీపాలు వెలిగాక ఒక అమ్మాయి లేచి, ఓడను మొదటిసారి నీళ్లలోకి దించే వేడుక మీద తీసిన సినిమాలో ఓడ దిగడమే లేదు కదా, కావాలనే అలా తీశారా అని అడిగింది. పక్కనున్న మాస్టారు నా బదులు తానే అందుకుని, అదే ఇందులోని కళ అనీ, యంత్రాన్ని పక్కనపెట్టి మనిషిని చూడటమంటే ఇదేననీ చాలాసేపు చెప్పాడు. నేను బుద్ధిగా తల ఊపాను. ఊరికే వచ్చిన పొగడ్తను కాదనే ఓపిక ఈ వయసులో ఎవరికుంటుంది? కానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఫిల్మును నల్ల సంచిలో చేతులు పెట్టి తడుముకుంటూ ఎక్కించిన రోజులు తెలిసిన నా ఈడువాళ్లకైనా అసలు సంగతి చెప్పాలనిపించింది.

మాది కృష్ణా జిల్లా. డిగ్రీ తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక, పోర్టులో పనిచేసే మా పెదనాన్న దగ్గరికి విశాఖపట్నం వచ్చిపడ్డాను. ఆయన ఉన్న క్వార్టర్లలో అందరూ మా వైపువాళ్లో గోదావరి వాళ్లో కావడంతో, ఊరు మారానన్న మాటే గాని చెవికి మాట మారలేదు. వన్‌టౌన్‌లో ఒక స్టూడియోలో చేరి, ముందు దరఖాస్తులకు అంటించే ఫొటోలు, తర్వాత పెళ్లిళ్లు, ఆ తర్వాత కంపెనీల క్యాటలాగులకు పంపులు, మోటార్లు, బాయిలర్లు తీస్తూ వచ్చాను. బాయిలరును కూడా పెళ్లికూతురిలా కూర్చోబెట్టి తీస్తానని స్టూడియో యజమాని నన్ను ఆటపట్టించేవాడు. సెలవు రోజుల్లో మాత్రం హార్బరు చుట్టూ తిరిగి చుట్టలు చుట్టిన తాళ్లు, తుప్పుపట్టిన లంగర్లు, ఎండబెట్టిన వలల నీడలు నా కోసం నేను తీసుకునేవాణ్ని. వాటిని ఎవరూ కొనరు, ఎవరూ అడగరు. అయినా అవి తీసిన రోజు అన్నం రుచిగా ఉండేది.

తర్వాత నేను సబ్బవరం వైపు ఒక రైతు ఇంటి పిల్లను పెళ్లి చేసుకున్నాను. ఆమెతోపాటు ఆమె అన్నయ్య కూడా నా జీవితంలోకి వచ్చాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. పొలం పనులు తమ్ముళ్లకు అప్పగించి, నా కెమెరా స్టాండు భుజాన వేసుకుని నా వెంట తిరగడంలో ఆయనకేం సుఖం కనిపించిందో నాకిప్పటికీ తెలియదు. ఎక్కడికెళ్లినా గేటు దగ్గర వాచ్‌మన్లతో, క్రేను మీది డ్రైవర్లతో క్షణంలో చుట్టరికం కలిపేసేవాడు. నేను వెలుతురు గురించి విసుక్కుంటుంటే, "బావా, నువ్వు కెమెరా సూసుకో, ఆల్ల సంగతి నాను సూత్తాను" అని వెళ్లిపోయేవాడు. ఆ మాట వింటే నాకు సగం పని అయిపోయినట్టే ఉండేది.

ఆ రోజుల్లో సినిమా కెమెరాతో పని ఏది ఉన్నా మద్రాసు నుంచి మనుషులు దిగాల్సిందే. ఓడలు కట్టే యార్డులో ప్రచారం వ్యవహారాలు చూసే ఆఫీసరు ఒకాయన, ఉత్తరాది మనిషి, నా హార్బరు బొమ్మలు ఎక్కడో చూసి, కొత్త ఓడ దిగే వేడుకను నన్నే సినిమా తీయమన్నాడు. అది బాగా వస్తే డైరెక్టరునవుతాను. చెడితే ఈ పనులన్నీ తిరిగి మద్రాసుకు పోతాయి, నేను మళ్లీ దరఖాస్తు ఫొటోల దగ్గరికి పోతాను. ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు గాని, నేను ఆ రాత్రే కెమెరా ముందేసుకుని కూర్చున్నాను.

పెళ్లి ఫొటోలో తాళి కట్టే క్షణం తప్పితే, పంతులుగారిని బతిమాలి మళ్లీ చెయ్యి పెట్టించి తీసుకోవచ్చు, మనమందరం అలా తీసినవాళ్లమే. ఓడ విషయంలో ఆ వీలు లేదు. ఏటవాలు గట్టు మీద ఏళ్లపాటు కట్టిన ఓడకు కొబ్బరికాయ కొట్టి, పట్టు తప్పించగానే, అది వెనక్కి జారి చూస్తుండగానే నీళ్లలో పడుతుంది. మళ్లీ పైకి లాగి దింపరు. నా దగ్గరున్నది కీ ఇచ్చి నడిపే కెమెరా. ఎంత బిగించి కీ ఇచ్చినా అర నిమిషం లోపే ఆగిపోతుంది. ముందుగా నొక్కితే ఓడ కదిలేసరికి ఆగుతుంది, ఆలస్యంగా నొక్కితే ఓడే ఉండదు.

వేడుక రోజు నన్ను నీటి ఒడ్డున, ఓడ వెనక భాగం కనిపించే చోట నిలబెట్టారు. బొమ్మకు అదే మంచి చోటు, కానీ అక్కడినుంచి కొబ్బరికాయ కొట్టే వేదిక కనపడదు. అందుకని బావ ఓడ పక్కన, వేదికకూ నాకూ మధ్యలో నిలబడి, వేదిక వైపు చూస్తూ, అసలు క్షణం రాగానే ఎర్ర తువ్వాలు ఊపాలనుకున్నాం. తీరా అక్కడికి వెళ్లాక ఒక ఫోర్‌మన్ వచ్చి, ఎర్ర గుడ్డ ఊపితే పనివాళ్లు ఆపమన్నట్టు అనుకుంటారని తువ్వాలు తీయించేశాడు. ఏం పర్వాలేదు, గట్టిగా అరుస్తానన్నాడు బావ. ఆయన గొంతు మీద నాకు అనుమానం లేదు.

రావలసిన అతిథి వేళకు రాలేదు. పోటు నిండుగా ఉన్నప్పుడే ఓడను దించాలి, అది దాటితే ఇంకో రోజు చూసుకోవాలి. ఓడ కింద దుంగలు తప్పించే సుత్తుల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. కెమెరా రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది, లోపల ఫిల్ము ఏమవుతుందోనని నా చొక్కా విప్పి దానిమీద కప్పి, బనీనుతో నిలబడ్డాను. నా వెనక ఒడ్డు మీద ఆ ఓడను కట్టిన పనివాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు గుంపుగా కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన నీళ్లకేసి చూసి, "పోటు తగ్గిపోతంది. ఇయాల అవదేటో" అన్నాడు. అప్పటినుంచి నాకు ప్రతి కెరటమూ కిందికి దిగుతున్నట్టే కనిపించింది. మైకులో ఏదో చెప్పారు, గాలికి ఒక్క ముక్కా తెలియలేదు. తర్వాత అంతా నిశ్శబ్దమైపోయింది, ఆ నిశ్శబ్దం నాకు బాగా అనిపించలేదు.

అప్పుడు బావ రెండు చేతులూ నోటిచుట్టూ పెట్టుకుని అరిచాడు.

"బావా, ఒగ్గేత్తన్నారు. ఒగ్గేత్తన్నారు బావా."

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఒగ్గేయడం అనే మాట నేను నేర్చుకున్నది మా ఆవిడ దగ్గర. ఫొటో సరిగ్గా రాలేదని రాత్రి పడుకోకుండా గొణుగుతుంటే, "ఒగ్గేయండి, రేపు సూసుకుందురు గానీ" అనేది. చుట్టాలు మాటన్నారని నేను రగిలిపోతుంటే ఒగ్గేయమనేది. నా చెవిలో ఆ మాటకు ఉన్న అర్థం అదొక్కటే, ఇక చాలు, పోనీ, మానుకో అని. తాడు వదిలినా, పిట్టను వదిలినా, ఓడను వదిలినా కూడా ఆ వైపువాళ్లు అదే మాట అంటారని నాకెవరూ చెప్పలేదు, అవసరమూ రాలేదు. అందుచేత బావ అరిచింది నాకు ఎలా వినపడిందంటే, ఈ రోజుకు మానేస్తున్నారట, ఇంక లాభం లేదు అని.

సరే, ఇంతసేపు కూర్చున్న ఈ జనం ఉసూరుమనే ముఖాలైనా ఆఫీసరుకు చూపిద్దామనుకుని, కెమెరాను నీళ్లవైపు నుంచి వెనక్కి తిప్పి, ఒడ్డు మీది గుంపు మీద పెట్టి నొక్కాను. అద్దంలోంచి చూస్తున్నాను. ముఖాలు ఉసూరుమనలేదు. ఒక వెల్డరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇసుక తట్టలు మోసే ఒకావిడ చంకలో పిల్లను ఒక చేత్తోనే ఎత్తి పట్టుకుని రెండో చెయ్యి గుండెమీద పెట్టుకుంది. పోటు తగ్గుతోందన్న పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. తర్వాత అందరి కళ్లూ ఒక్కసారే ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, ఆ పైన వేగంగా జరగడం మొదలుపెట్టాయి. అప్పుడు నా వెనక కొయ్యలు రాచుకుంటున్న మూలుగు, ఓడ జారడానికి పూసిన కొవ్వు కాలిన వాసన ఒకేసారి వచ్చాయి. ఏం జరుగుతోందో తెలిసింది. కెమెరాను తిప్పాలని తెలుసు. తిప్పితే ఇటూ పోతుంది, అటూ సగమే దక్కుతుందని కూడా అనుకోలేదు, అబద్ధం ఎందుకు, చెయ్యి రాలేదు అంతే. కీ అయిపోయి కెమెరా దానంతటదే ఆగేసరికి, ఓడ లేపిన నీళ్లు వచ్చి నా పాదాలు తడిపాయి. తిరిగి చూస్తే అది నీళ్ల మధ్య ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సూసినావా బావా, ఎలగ జారిపోనాదో."

నువ్వు మానేస్తున్నారని చెప్పావు కదా అన్నాను.

"మానేత్తన్నారని నానెప్పుడన్నాను బావా? ఒగ్గేత్తన్నారనే గదేటి అరిసినాను."

నాకు అర్థమైనప్పుడే ఆయనకూ అర్థమైంది. మెల్లగా వంగి స్టాండు విప్పడం మొదలుపెట్టాడు. గేటు దాటేదాకా ఒక్క వాచ్‌మన్‌నూ పలకరించలేదు.

ఫిల్ము మద్రాసు వెళ్లి కడిగి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ముక్కలన్నీ అతికించి, ఓడ కట్టే పనులు ముందు, ఈ ముఖాలు తర్వాత, నీళ్లలో నిలబడిన ఓడ చివర పెట్టి ఆఫీసరుకు వేసి చూపించాం. బావ ప్రొజెక్టరు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. బొమ్మ అయిపోయింది. ఆఫీసరు వేలు తిప్పి మళ్లీ వేయమని సైగ చేశాడు. రెండోసారీ అయిపోయింది. నేను సంజాయిషీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలా అని వెతుక్కుంటుంటే, ఆయన లేచి, ఓడ జారే ఫొటోలు పేపర్లవాళ్ల దగ్గర కావలసినన్ని ఉన్నాయి, ఇది ఎవరి దగ్గరా లేదు అన్నాడు. తిరిగి చూస్తే గోడ దగ్గర బావ లేడు.

ఆ తర్వాత పని విరివిగా వచ్చింది. ఎనభైల్లో కూర్మన్నపాలెం అవతల ఉక్కు కర్మాగారం లేస్తున్న ఏళ్లన్నీ ఎర్రదుమ్ములో తిరిగాను. పొగగొట్టం చూపించమంటే దాన్ని తలెత్తి చూసే మనిషిని చూపిస్తాడని నాకొక పేరు కూడా వచ్చింది. బావ ఎప్పటిలాగే వెంటే ఉన్నాడు. కానీ ఓడ తర్వాత మొదటిసారి పనికి వెళ్లినప్పుడు, క్రేను ఎత్తుతున్న చోట నా దగ్గరికి వచ్చి, "బావగారూ, ఇప్పుడు పైకి ఎత్తుతున్నారు. మీరు సిద్ధంగా ఉండండి" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ రోజు మొదలు నాతో అదే మాట, అదే మర్యాద. తప్పు నీది కాదయ్యా, నా చెవిది అని ఎన్నిసార్లు చెప్పానో. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఏటన్నయ్యా, రేడియోలో వార్తలు సదివినట్టు ఆ మాటలేటి" అని దెప్పేది. "పనికాడ ఇంకోపాలి తేడా రాకూడదే" అని ఆమెకు చెప్పి, ఆ వెంటనే నా వైపు తిరిగి, "కొంచెం మజ్జిగ పోసుకోండి బావగారూ" అనేవాడు. పనిలో మొదలైంది ఇంట్లోకి వచ్చింది, పండగల్లోకి వచ్చింది. చెల్లెలితో, ఊరివాళ్లతో గలగలా మాట్లాడుతున్న మనిషి నేను గదిలోకి రాగానే వాక్యాలు కూడదీసుకునేవాడు. అది కోపం కాదు. నా మీద ప్రేమతోనే చేశాడు, అందుకే నేను దాన్ని మాన్పించలేకపోయాను.

ఆయన ఆఖరి రోజుల్లో కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం పళ్లు తీసుకుని వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంటే, ఆయన నీరసంగానే, ఆగి ఆగి, చిన్నప్పుడు వాళ్లిద్దరూ చెరువులో చేపలు పట్టబోయి అమ్మ చేత తిట్లు తిన్న సంగతేదో వాళ్ల ఊరి మాటలోనే చెబుతున్నాడు. ఆ గొంతు అలా విని ఎన్నేళ్లయిందో. నేను లోపలికి అడుగుపెడితే ఆ మాట ఆగిపోతుందని తెలుసు. పళ్ల సంచి పట్టుకుని, నర్సులకు దారి ఇస్తూ, ఆయన నిద్రపోయేదాకా గుమ్మం అవతలే నిలబడి విన్నాను.

ఇప్పుడు ఊరు పెరిగింది. ఆటో అబ్బాయి, బ్యాంకులో అమ్మాయి, పక్కింటి పిల్లలు, చివరికి బావ మనవడు కూడా నాతో టీవీలో మాట్లాడినట్టు తేటగా, మర్యాదగా మాట్లాడుతున్నారు. ఎవరేమన్నా నాకు వెంటనే అర్థమవుతోంది, ఒక్క మాటా తప్పుగా వినపడటం లేదు. అంత జాగ్రత్తగా నాతో మాట్లాడమని నేను ఎవరినీ అడగలేదు.