ముంచి తేల్చిన పడవ

ఈ ఉదయం కాలువ గట్టు మీద ఎవరో పడవకు పూయడానికి నూనెలో గుగ్గిలం కాస్తున్నారు. ఆ ఘాటు మా అరుగు దాకా వచ్చేసరికి, దినచర్య రాస్తున్న కలం పక్కన పెట్టి మహలక్ష్మమ్మ గారిని తలుచుకున్నాను. రామచంద్రపురంలో ధాన్యం వ్యాపారం చేసిన ఆమె దగ్గర నేను గుమాస్తాగా చేరేనాటికి నాకింకా పెళ్లి కాలేదు. భర్త పోయాక వ్యాపారాన్ని ఆమే నిలబెట్టుకొచ్చారు. ఏదైనా కొనేటప్పుడు వస్తువును కాసేపు, దాన్ని వాడిన మనిషిని చాలాసేపు చూసేవారు.

ఆ ఏడు, మా ధాన్యాన్ని రాజమండ్రి చేర్చే అద్దె పడవల వాళ్లు పెద్ద వర్తకులకు కట్టుబడిపోయి, ఇక మాకు రాలేమన్నారు. సొంత పడవ లేకపోతే కొత్త పంట కొట్లోనే మగ్గిపోతుంది. కొత్తది చేయించే స్తోమత లేదు. వేసవిలో ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపి కాలువలు కట్టేసినప్పుడు, మండపేట దగ్గర పాత పడవ ఒకటి అమ్మకానికుందని తెలిసి వెళ్లాం. ఎండిన కాలువలో ఒక పక్కకు ఒరిగి ఉంది. పలకల సందుల్లో వేలు దూరుతోంది. యజమాని దాన్ని పొగుడుతూనే, మేం వద్దంటే కట్టెల అడితికి వేసేస్తానన్నాడు.

ఆ పడవ నడిపే తండేలు పోలయ్యకు దాని మీద చాపలతో కట్టిన గూడే ఇల్లు. మహలక్ష్మమ్మ గారు యజమానిని వదిలి అతని వైపు తిరిగారు.

"దీని రోగాలేంటో నువ్వు చెప్పు పోలయ్యా."

"ముసల్ది కదండి, అన్నీ ఉన్నాయండి. ఏటేటా సందుల్లో పీచు కుక్కి గుగ్గిలం పుయ్యాలండి. ముందు వైపు అడుగు పలక ఎన్నాళ్లో ఆగదండి. బరువెక్కువైతే ఎడమకి ఒరుగుద్దండి, అలిగితే మా ఆవిడలాగ."

"మీ ఆవిడ సంగతి నాకెందుకయ్యా!" అని నవ్వి, ఆమె యజమానితో, "పోలయ్య కూడా వస్తే కొంటాం. ఒట్టి పడవైతే వద్దండి," అన్నారు.

తిరిగి వస్తూ నేను గొణిగాను. "అమ్మగారూ, కొన్న ధర కంటే మరమ్మతే ఎక్కువయ్యేలా ఉందండి."

"అవుద్దేమో. ఎక్కడ అవుద్దో తెలిసింది కదా."

వేసవంతా పోలయ్య సందులు పూడ్చాడు. కాలువకు మళ్లీ నీళ్లు వదలగానే పడవలో ఇసుక బస్తాలు వేసి, నీళ్లు నింపి, నిలువునా ముంచేశాడు. గట్టు మీద జనం పోగయ్యారు.

"గుమాస్తా గారూ, కొని మరీ నిమజ్జనం చేశారేంటండీ!" అన్నాడొకాయన.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మహలక్ష్మమ్మ గారు మాత్రం గట్టు మీదే పీట వేయించుకుని కూర్చున్నారు. "వేసవంతా ఎండింది కదయ్యా, దాహం తీర్చుకోనివ్వండి," అన్నారు.

పలకలు నీళ్లు తాగి ఉబ్బి, సందులు మూసుకున్నాక బస్తాలు తీసి నీళ్లు తోడిపోశారు. పడవ తేలింది. అడుగున చెయ్యి పెట్టి చూశాను. చెమ్మే తప్ప ఊట లేదు. ధాన్యమెక్కించి ఇక బయల్దేరుతారనగా, పోలయ్య తల గోక్కుంటూ వచ్చాడు.

"అమ్మగారండి, చుక్కాని మొదలు పుచ్చిందండి. ఈ పంటకి ఆగుద్ది గానీ, తర్వాత మార్చాలండి."

"ఆ రోజే చెప్పలేకపోయావా?" అన్నాను కోపంగా.

"అప్పటికే చాలా చెప్పేశానండి. ఇంకోటి చెబితే మీరు ఎనక్కెళ్లిపోతారని భయమేసిందండి. పడవతోపాటు నా గూడు కూడా అడితికి పోద్ది కదండి."

మహలక్ష్మమ్మ గారు అతన్ని కాసేపు చూశారు. "ఏదో ఒకటి దాచుకుని ఉంటావని దానికి వేరే డబ్బు తీసే ఉంచానులే. చుక్కానేనా? నేనింకా అడుగే పోయిందనుకున్నాను. పద పద, ఎండెక్కుతోంది."

ఆ తర్వాత నేను ఎడ్లు కొన్నాను, ఇల్లు కొన్నాను, పిల్లలకు సంబంధాలు చూశాను. అవతలివాళ్లు చెప్పిన లోపాలన్నీ శ్రద్ధగా విని, భయంతో చెప్పలేకపోయినది ఒకటి ఉంటుందని దానికీ కాస్త చోటుంచుతాను. అది బయటపడిన రోజున నాకు కోపం రాదు. చుక్కానేనా, అనుకుంటాను.