సముద్రం తాగిన బండి

ఉమామహేష్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ వయసుకి వాళ్ళ నాన్న వరహాలు పడవ కొన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, యారాడలో రెండు గదుల ఇల్లు వేశాడు. ఉమామహేష్ ఆ వయసుకి రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. ఐటీఐలో ఫిట్టర్ చదివి ఆరేళ్ళు ఉక్కు పనిలో కాంట్రాక్టు కూలీగా చేశాడు. కాంట్రాక్టరు మారిన రోజు కొత్త లిస్టులో అతని పేరు లేదు. ఎందుకు లేదో చెప్పేవాడూ లేడు. తర్వాత పోర్టులో ఎనిమిది నెలలు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఖాళీ రోజుల్లో పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాలు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని చదివాడు. లోకం ఎలా నడుస్తుందో అర్థమైంది. అర్థమైనకొద్దీ నిద్ర తగ్గింది.

చివరికి భోగాపురం దాటాక హైవే పక్కనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఇంటి నుంచి డెబ్బై అయిదు కిలోమీటర్లు. రానూపోనూ నూట యాభై. పొద్దున్న ఆరింటికి షిఫ్టు. యారాడ కొండ దిగడానికి ఆ వేళకి బస్సు ఉండదు. మూడు నెలలు బైకు మీద తిరిగాడు. తగరపువలస దగ్గర లారీ తోసిన గాలికి పడిపోయి మోకాలికి ఏడు కుట్లు వేయించుకున్నాడు. ఆ నొప్పితో రెండు రోజులు షిఫ్టుకి ఆలస్యంగా వెళ్ళాడు. ఆఫీసులో ఉన్నాయన తలెత్తకుండా చెప్పాడు: కుట్లు మానడానికి ఈ వారం ఇస్తున్నాం, సోమవారం ఆరింటికి గేటు లోపల ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఇంక రావద్దు.

ఫ్యాక్టరీ దగ్గరే గది తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళకు లోటు లేదు. అతని తల్లి పోతమ్మ తెల్లారేసరికి నాలుగు టబ్బుల చేపలు ఆనందపురం చేర్చాలి. వచ్చినదాంట్లో సగం ఆటోవాడికే పోతోంది. గది అద్దె కూడా తోడైతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని పొడుగు బండి ఒకటి కావాలి. వెనక సీట్లు మడిస్తే టబ్బులు పట్టాలి, తల్లిని దారిలో దింపాలి, అతన్ని ఆరింటికి గేటు దాటించాలి. రోజూ నూట యాభై కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాలి. పాతదే. కొత్త బండి వాళ్ళ ఊహలోకి కూడా రాలేదు.

వరహాలు పడవ అమ్మేశాడు. ఇంజనుతో, వలలతో సహా. అమ్మిన సాయంత్రం ఒక్క మాటే అన్నాడు: "ఇంక నీ బండే నా పడవరా. నాను సూడకుండా కొనీకు."

శనివారం పొద్దున్నే వరహాలు అమ్ముడుపోని కవళ్ళ చేపలకు ఉప్పు పట్టించి ఎండకు పరిచాడు. చేతులు లుంగీకి తుడుచుకుని కొడుకు బైకెక్కాడు. ఇద్దరూ మల్కాపురంలో పాత కార్ల యార్డుకు వెళ్ళారు.

యార్డు ఓనరు గురునాథరావు బూడిదరంగు బండి ఒకటి చూపించాడు. రిఫైనరీలో రిటైరైన ఇంజనీరుది. మీటరు మీద లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు.

"అంకె సూసి బెదిరిపోకు బావా. మడిసి నడక సూడాల గానీ వొయసు సూత్తే ఎలాగ?"

ఉమామహేష్ బెదరలేదు. నెల రోజులుగా అతను చదివింది ఇదే. ఊళ్ళో గేర్లు మార్చుకుంటూ తిరిగిన బండికన్నా హైవే మీద ఒకే వేగంతో నడిచిన బండికి ఆయుష్షు ఎక్కువ. ఇది వారం వారం రాజమండ్రి వెళ్ళొచ్చిన బండి. సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేశాడు, పొగ లేదు. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. కుట్ల నొప్పి ఓర్చుకుని బండి కిందకి దూరాడు. ఒక్క బోల్టుకి తుప్పు లేదు. ఎన్నో నెలల తర్వాత అతనికి గుండె తేలికైంది.

వరహాలు తన పద్ధతిలో చూశాడు. వేళ్ళ కణుపులతో తలుపులు తట్టాడు. వాసన చూశాడు. వెనక తలుపు తీసి, మ్యాటు ఎత్తి, కింద రేకు మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాడు. అతని మొహం మారిపోయింది.

"ఉప్పు."

"ఏటి?"

"ఉప్పురా. ఇది సముద్రం తాగిన బండి. ఏ తుపానులోనో మునిగీసింది. తుడిసి నిలబెట్టీసినారు."

గురునాథరావు నెత్తి కొట్టుకున్నాడు. "ఓలమ్మో! మునిగిన బండికి తుప్పుండదేటి మావా? బండిని నాకి బేరమాడినోడ్ని ఇప్పుడే సూత్తన్నాను. పచ్చడి కూడా తెమ్మంటావేటి?"

యార్డులో మెకానిక్కులు నవ్వారు.

"నలభై యేళ్ళు పడవల్ని ఇలాగే కొన్నాను," అన్నాడు వరహాలు. "ఒక్కటీ నన్ను ముంచనేదు."

"అయ్యా, నాను కిందకి దూరి సూసినాను. బాగున్నాది."

"నువ్వు పుస్తకాల్లో సూసినావు. నాను నాలికతో సూసినాను."

ఉమామహేష్ తనూ ఒకసారి వేలు పెట్టి నాకి చూస్తే తేలిపోయేది. సిగ్గేసింది. అంతమంది నవ్వుతుంటే, చదువుకున్నవాడినన్న పొగరు చెయ్యి ముందుకు రానివ్వలేదు. పైగా బేరానికి తెచ్చిన డబ్బు తండ్రి పడవది. తండ్రి వెనకే యార్డు బయటికి నడిచాడు.

ఆనందపురంలో అర్జునరావు అనే రైతు దగ్గర ఇంకో పొడుగు బండి ఉందని తెలిసింది. వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. జంక్షన్‌లో హోటల్లో భోంచేసి, సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్ళారు.

తెల్ల బండి తళతళలాడుతోంది. మీటరు అరవై రెండు వేలు. వీళ్ళు వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంది, పొగ సంగతి తేలదు. స్టీరింగుకి కొత్త తొడుగు. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా అయిపోయింది. అరవై రెండు వేలకి అలా అరగదు.

"అయ్యా, ఈ రబ్బరు సూడు. మీటరు తిప్పీసినట్టున్నారు."

వరహాలు అప్పటికే మ్యాటు కింద వేలు రాసి నాకాడు. "సప్పగా ఉన్నాది. మంచినీళ్ళ బండి. కొనీ."

"ఎందుకు అమ్మేత్తన్నారండీ?" అని ఉమామహేష్ అడిగాడు.

"ఇద్దరు మడుసులకి ఇంత బండెందుకు బాబూ?" అన్నాడు అర్జునరావు. చూపు మాత్రం బండి మీదుంది.

మధ్యలో ఆదివారం ఒక్కటే. ఇంకో బండి వెతికే వ్యవధి లేదు. ఉమామహేష్ సంతకం పెట్టాడు.

సోమవారం పనిలోకి మొదటి ప్రయాణం. కొత్త పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగేటప్పుడు ఇంటి పెద్ద అందులో ఉండాలి. అందుకని వరహాలూ బయల్దేరాడు. టబ్బుల్లో ఐసు మీద ఉప్పు చల్లి బండిలోకి ఎక్కించింది అతనే. పోతమ్మను ఆనందపురంలో దింపారు. ఆవిడ బండి చుట్టూ తిరిగి వచ్చి, "సాయంత్రం తొరగా వొచ్చీరా నాయినా, కాళీ టబ్బులు ఏసుకెల్లాల," అంది.

గోస్తని వంతెన దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి వేడి ముల్లు పైకి లేచింది. బానెట్ అంచుల్లోంచి తెల్లటి ఆవిరి. కింద ఏదో పగిలిన చప్పుడు. బండిని రోడ్డు పక్కకు లాగేలోపే ఇంజను ఆగిపోయింది. టైము అయిదూ పదిహేను.

తండ్రిని అక్కడే ఉండమని ఉమామహేష్ రోడ్డుకి అడ్డంపడి లారీలు ఆపబోయాడు. ఏదీ ఆగలేదు. ఎనిమిదోదో తొమ్మిదోదో ఆగింది. గేటు దగ్గరికి చేరేసరికి ఆరూ ఇరవై.

సెక్యూరిటీ దేవీప్రసాద్‌ది బొబ్బిలి. మూడు నెలలుగా ఒకే ఫ్లాస్కు టీ పంచుకున్నారు.

"కార్డు పనిసెయ్యదు బావా. ఆరు దాటగానే పేరు తీసీసినారు," అన్నాడు, చూపు తిప్పుకుని.

"బండి ఆగిపోయింది, ఒక్క మాట లోపల సెప్పు."

"సెప్పినాను. నువ్వు రాకముందే సెప్పినాను. నా ఉద్యోగం కూడా ఇలాంటిదే కదేటి."

గేటు బయట నిలబడి గురునాథరావుకి ఫోన్ చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలీదు. బూడిదరంగు బండి ఆదివారమే అమ్ముడుపోయింది. "శ్రీకాకుళమోళ్ళు నడుపుకుని ఎల్లిపోనారు బావా. ఫస్టు కిలాసు బండి. మీ నాన్నేటో..."

ఫోన్ పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. వరహాలు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొడుకు మొహం చూసి గేటు సంగతి అడగలేదు. తన కుడిచెయ్యి తనే చూసుకుంటున్నాడు.

"ఒరే," అన్నాడు. "ఇందాకా మళ్ళా నాకి సూసినాను. ఆవాళ సప్పగా ఉన్న బండి ఇయ్యాల ఉప్పగా ఉన్నాది. టైరు మీద ఏలెట్టి నాకినాను, ఉప్పే. రోడ్డు మీద రాయి ముట్టుకుని నాకినాను, ఉప్పే." ఆగాడు. "ఏటీ ముట్టుకోకుండా ఉత్త ఏలు నాకినాను. అదీ ఉప్పేరా."

ఉమామహేష్‌కి శనివారం పొద్దున్న కవళ్ళు గుర్తొచ్చాయి, హోటల్లో సబ్బు గుర్తొచ్చింది. అరవాలనుకున్నాడు. తిట్టడానికి మాటలు చాలానే వచ్చు అతనికి, పుస్తకాల్లోవి, ఫ్యాక్టరీల్లోవి. నోరు తెరిచాడు. తండ్రి గోళ్ళ సందుల్లో తెల్లగా ఉప్పు కనబడింది. నలభై యేళ్ళలో పడవ కొన్నప్పుడల్లా ఆ చెయ్యి అలాగే ఉండి ఉంటుంది. పడవలన్నీ ఉప్పగానే ఉండి ఉంటాయి. మరి ఏది చూసి కొన్నాడో, అవి ఎలా ముంచలేదో!

ఫోన్ మోగింది. పోతమ్మ. ఉమామహేష్ తియ్యలేదు. మళ్ళీ మోగింది.

హైవే పెట్రోలింగ్ జీపు వచ్చి ఆగింది. "తియ్యండి, తియ్యండి. ఇక్కడ ఆపకూడదు. అరగంటలో ఇక్కడ కనబడితే క్రేను పిలుస్తాం."

వరహాలు లేచి లుంగీ ఎగ్గట్టి బండి వెనక్కి వెళ్ళాడు. పడవను ఇసక మీద నెట్టేటప్పుడు ఆన్చినట్టే భుజం ఆన్చాడు.

"ఎటేపు తొయ్యాల్రా?"

ఉమామహేష్ స్టీరింగు పట్టుకుని ముందుకి చూశాడు, అద్దంలో వెనక్కి చూశాడు. జీపు హారన్ కొట్టింది. వరహాలు జవాబు కోసం ఆగలేదు, తొయ్యడం మొదలుపెట్టాడు.